పగిలిన పలక చప్పుడు

మార్కాపురం,
జూన్ 2023

ఉమామహేశ్వర్లు బావకు, హైమావతి రాసేది.

ఫోన్ చేయక ఉత్తరం రాస్తోందేమిటని నవ్వుకోకు. మా ఇంట్లో ఫోన్‌లో మాట్లాడితే ముందున్న మా పలకల కొట్టు దాకా వినబడుతుంది. మెయిలైతే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, కంప్యూటర్‌లోని గొంతు నాకొక్కదానికే చదివి పెడుతుంది. నువ్వు రాసేదీ అట్లే వింటాను కాబట్టి దాపరికం లేకుండా రాయి.

నేను ఇంటినుంచే విజయవాడ కంపెనీకి ప్రోగ్రాములు రాస్తున్నానని మా అమ్మ మీకు చెప్పే ఉంటుంది. మార్కాపురమంతా చెప్పింది, గిద్దలూరులో పుట్టింటిని వదిలిపెడుతుందా. కోడ్ రాయడానికి మేం వాడే ఎడిటర్ మీ హైదరాబాదు కంపెనీ వాళ్ళదే. ఇన్నాళ్ళూ అది నాతో మర్యాదగానే ఉండేది. ఎక్కడైనా తప్పు రాస్తే, ఒక మీట నొక్కగానే కర్సర్ ఆ తప్పు దగ్గరికి పోయేది, ఫలానా లైనులో ఫలానా తప్పు అని గొంతు చదివేది. నిదానమే, కాని పని జరిగిపోయేది.

పోయిన వారం కొత్త వెర్షన్ వచ్చింది. తప్పులు దిద్దుకోవడం ఇక మరింత త్వరగా, మరింత సులువుగా అని మొదటి పేజీలోనే రాశారు. ఆ ముక్క గొంతు చాలా చక్కగా చదివింది. ఆ తర్వాత తప్పుల గురించి ఒక్క మాట చదవలేదు. మాతో పనిచేసే యేసుబాబు మన పొదిలి అబ్బాయే, అతన్ని అడిగాను. "తప్పు కింద ఎర్రగా వంకర గీత వస్తాది మేడమ్, పక్కన చిన్న బల్బు ఎలుగుతాది. దాన్ని నొక్కితే అదే దిద్దేస్తాది, శానా బాగుంది" అన్నాడు. అతనికి బాగుంటుంది. నాకు ఆ బల్బు వెలిగినా ఒకటే, ఆరినా ఒకటే.

దసరా దాకా నా పని చూస్తారు. వెనకబడితే పంపించేయాల్సి వస్తుందని మా పైఅధికారి ప్రభాకరరావు గారు మెత్తగానే చెప్పారు. పంపించేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. కొట్లో గల్లాపెట్టె పక్కన స్టూలు వేసి కూర్చోబెడతారు. పలకలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ నన్ను చూసి నాలుక చప్పరించి, "పాపం, సదువుకున్న పిల్ల" అని పోతాడు. ఈ ఉద్యోగంలో మాత్రమే నన్నెవరూ పాపం అనలేదు బావా. దాన్ని పోగొట్టుకోలేను.

ఆ బల్బు పెట్టినవాళ్ళలో నువ్వున్నావా? ఉంటే తిడదామని, లేకపోతే నీతో చెప్పించి వాళ్ళను తిట్టిద్దామని రాస్తున్నాను.

హైమ


హైదరాబాదు,
జూలై

హైమకు,

ఉన్నాను. ఆ బల్బు నేను పెట్టిందే. తిట్టు.

మా ఆఫీసులో వాళ్ళచేతనే వాడించి చూశాం. వాళ్ళకు పని వేగం పెరిగింది, బాగుందన్నారు, అందరం చప్పట్లు కొట్టుకున్నాం. ఆ గదిలో నాకు నువ్వు గుర్తు రావలసింది. రాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం మా మేనేజరుకు చెప్పాను. చూపు లేనివాళ్ళకు కూడా త్వరగా పని జరిగే దారి ఏదైనా చూపిస్తే పరీక్షగా పెట్టి చూద్దామన్నాడు. ఆ దారి నాకు తెలియదు. నువ్వే చెప్పాలి. దానితోపాటు కొన్ని సంగతులు కావాలి. నీ చూపు తగ్గుతోందని మొదట ఎట్లా తెలిసింది? ముందు అంచులు పోయాయా, మధ్యలో పోయిందా? చదవడం ఎప్పుడు ఆగిపోయింది? ఆ నడుమ కాలంలో, కొంచెం కనబడుతూ కొంచెం కనబడకుండా ఉన్నప్పుడు, పనులు ఎట్లా నెట్టుకొచ్చావు? ఎంత వివరంగా వీలైతే అంత వివరంగా రాయి. వాడేవాళ్ళ సంగతి తెలుసుకోకుండా ఈసారి ఏదీ చేయదలుచుకోలేదు.

శ్రావణంలో మీ ఇంటి పూజకు రాలేను. పని ఎక్కువగా ఉంది. అత్తతో నువ్వే ఏదో ఒకటి చెప్పు.

ఉమ


మార్కాపురం,
ఆగస్టు

బావకు,

నువ్వు అడిగినన్ని సంగతులు నా కళ్ళ డాక్టరు కూడా అడగలేదు.

మొదట పోయింది సాయంత్రాలు. కంభంలో పెద్దమ్మ కూతురి పెళ్ళిలో, దీపాలు పెట్టే వేళ, అందరూ దిగిన మెట్టు నాకు కనబడలేదు. పందిట్లో బోర్లా పడ్డాను. "పొగరు ఆ పిల్లకు, కిందికి సూసి నడవదు" అన్నారు. తర్వాత పక్కలు పోయాయి. ఎదురుగా ఉన్న మనిషి కనబడేవాడు, పక్కనుంచి వచ్చే సైకిలు కనబడేది కాదు. పుస్తకం తెరిస్తే నడిమధ్య ఒక్క మాట ఉండేది, దాని అటూ ఇటూ ఏమీ ఉండేది కాదు. ఆ ఒక్క మాటను పట్టుకునే డిగ్రీ పూర్తి చేశాను. ఆఖరికి అదీ పోయింది. నెట్టుకొచ్చింది ఎట్లాగంటే, అబద్ధాలతో. చూసుకోలేదు, నిద్రమత్తు, చెప్పు జారింది, ఇట్లాంటివి. ఎవరికీ చెప్పకుండా మోసినన్నాళ్ళే అది చాలా బరువుగా ఉండింది.

ఇక నువ్వడిగిన దారి. మా కొట్టు వెనక జరిగే పని గుర్తుందా. గనినుంచి వచ్చిన రాతిరేకులకు చట్రం బిగించే ముందు నాయన ఒక్కొక్కదాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొడతాడు. మంచిది ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉన్నది పైకి ఎంత నున్నగా ఉన్నా మొద్దుగా పలుకుతుంది. నా చూపు పోయాక ఆ పని నాకు అప్పజెప్పాడు, ఇప్పుడు చేయి తిరిగినదాన్ని. మీ ఎడిటర్‌లోనూ అదే పెట్టు. కర్సర్ లైను మీదికి రాగానే మంచి లైనైతే మంచి పలక మోగాలి, తప్పున్న లైనైతే పగిలిన పలక. అప్పుడు మీట నొక్కితే తప్పేమిటో, ఎట్లా దిద్దవచ్చో గొంతు చెప్పాలి. నేను సరేనన్నాకే దిద్దాలి. నన్నడగకుండా నా రాతలో ఎవరూ చేయి పెట్టకూడదు. చప్పుళ్ళు రికార్డు చేసి దీనితో పంపుతున్నాను.

ఇంకొక సంగతి. మన పెళ్ళి మాట మళ్ళీ ఎత్తారు. రెండిళ్ళ ఉమ్మడి వ్యాపారం ముక్కలు కాకూడదని మన తాతలు కుండమార్పిడి చేసుకుని, మీ నాయన చెల్లెలిని మా నాయనకిచ్చి మా నాయన చెల్లెలిని మీ నాయనకు తెచ్చుకున్నారు. ఆ నలుగురూ అప్పటికే మేనరికపు పిల్లలు. మన ఇళ్ళలో ఏ చిక్కొచ్చినా దిద్దుబాటు ఒక్కటే, లోపల్లోపల ముడివేసేయడం. ఇప్పటి చిక్కు నేను. మీ నాయన సుబ్బయ్య మామ అడిగితే నువ్వు వద్దన్నావట. వద్దనే హక్కు నీకుంది. బాధపడలేదని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. అన్నం ముద్ద గొంతు దిగలేదు.

హైమ


హైదరాబాదు,
సెప్టెంబరు

హైమా,

వద్దన్నది నీ కళ్ళ వల్ల కాదు. ఇంతకంటే రాయలేను. అడగకు.

పలకలు మోగాయి. ఏది మంచిదో ఏది పగిలిందో నువ్వు పేర్లు పెట్టి పంపావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా చెవికి రెండూ ఒకటే రాయి. పలకల కొట్టువాళ్ళ మేనల్లుణ్ణని చెప్పుకోవడానికి పనికిరాను. ఆఫీసులో వినిపిస్తే ముందు ఇది ఏ ఊరి వాయిద్యమని నవ్వారు. తర్వాత కొందరు కళ్ళకు గుడ్డ కట్టుకుని కూర్చున్నారు, చప్పుడు పట్టుకుని తప్పున్న లైను దగ్గరికి చకచకా పోయారు. అప్పుడు నవ్వు ఆగింది. మేనేజరు పరీక్ష వెర్షన్‌కు ఒప్పుకున్నాడు. దీనితో పంపుతున్నాను, పాతదాన్ని తీసేసి దీన్ని పెట్టుకో.

స్కూటర్ అమ్మేశాను. ఇక్కడ ట్రాఫిక్ మరీ ఎక్కువైంది. ఈమధ్య పొద్దుండగానే ఆఫీసునుంచి బయలుదేరుతున్నాను. ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా.

నీ ముద్ద గొంతు దిగలేదని రాసిన చోట కంప్యూటర్ గొంతు చేత చాలాసార్లు చదివించుకున్నాను.

ఉమ


మార్కాపురం,
అక్టోబరు

బావా,

ఉద్యోగం నిలిచింది. ఇక మీరు మా మనిషే అన్నారు ప్రభాకరరావు గారు. యేసుబాబు మౌసు పట్టుకుని బల్బు ఎక్కడుందో వెతుక్కునే లోపల నేను తప్పు విని, దిద్ది, కింది లైనుకు పోయి ఉంటాను. అతను ఉడుక్కుంటున్నాడు. నాకు హాయిగా ఉంది.

నాయన సంగతి చెప్పాలి. నా ఉద్యోగం ఏమిటో ఆయనకు ఏనాడూ అర్థం కాలేదు. పలకల చప్పుళ్ళు నేను బయటికే వినబడేట్టు పెట్టుకుంటాను, ఇప్పుడు బేరాలు లేనప్పుడు వచ్చి నా కుర్చీ వెనక నిలబడతాడు. మొన్న నేను పరధ్యానంగా ముందుకు పోతుంటే, "ఆగమ్మా, ఆ లైను పగిలింది గదా" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఆయన కొట్లోకి పోయాడు.

మంచి పలక చప్పుడు ఆపేసుకున్నాను. నాయన పద్ధతీ అంతే, మంచివి ఖంగుమన్నప్పుడు ఆయన వినడు, మొద్దుగా పలికినప్పుడే చేయి ఆగుతుంది. ఇప్పుడు నాకు నిశ్శబ్దంగా ఉందంటే అంతా బాగున్నట్టు.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. నిన్న యేసుబాబు తన దగ్గరనుంచి నా తెర చూస్తూ, "తప్పు కాడికి పోతానే ఆ మాట ఇంత పెద్దదై నడిమధ్యకు వచ్చింది మేడమ్, సుట్టూ అంతా నల్లగా అయిపోయింది" అన్నాడు. ఇది నేను అడిగింది కాదు. నాకు తెరతోనే పని లేదు. నడిమధ్యన ఒక్క మాట మాత్రమే కనబడే మనిషికి అది కావాలి. జూలైలో నువ్వు వేసిన ప్రశ్నలన్నీ మళ్ళీ చదివించుకున్నాను. కంప్యూటర్ గొంతు చేత నా ఉత్తరం చదివించుకున్నానని పోయినసారి రాశావు. కళ్ళున్నవాడికి ఆ గొంతెందుకు? అది ఎవరికోసం పెట్టావు బావా?

హైమ


హైదరాబాదు,
నవంబరు

హైమకు,

నీ ఉద్యోగం నిలిచినందుకు చాలా సంతోషం. మామ కుర్చీ వెనక నిలబడిన సంగతి బాగుంది.

మాట నడిమధ్యకు రావడం వయసు పైబడినవాళ్ళ కోసం. అందరికీ పనికిరావాలని పెట్టాను. గొంతును పరీక్ష కోసం వాడుతుంటాను. నువ్వు ఏవేవో ఊహించుకోవద్దు.

కొత్త వెర్షన్ పనులు సాగుతున్నాయి. నువ్వు దేనికీ భయపడనక్కర్లేదు. ఇక్కడ చలి మొదలైంది. అత్త మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి? మామకు పలకల ఎగుమతి ఆర్డరు వచ్చిందా? నా జవాబు ఆలస్యమైతే పని ఒత్తిడి అనుకో.

ఉమ


మార్కాపురం,
డిసెంబరు

ఉమామహేశ్వర్లు గారికి,

మీ ఎడిటర్ తనంతట తానే కొత్తదై కూర్చుంది. నాకు తెలియలేదు. ఒక్క పగిలిన పలకా మోగకపోతే, తప్పే లేకుండా రాస్తున్నానని పొంగిపోయాను. అమ్మకు కూడా చెప్పుకున్నాను. ఇంకెవరైనా అనుమానపడేవాళ్ళేమో. పలకల కొట్లో పెరిగినదాన్ని, చెడు చప్పుడు రాకపోతే సరుకు మంచిదనే నాకు తెలుసు.

నేను రాస్తున్నది ఒక ఆసుపత్రి కోసం. రక్తపరీక్ష ఫలితం రాగానే ఆ మనిషికి మెసేజ్ పోవాలి. ఎవరి ఫోను నంబరు తీసుకోవాలో ముందుగా ఒక లైనులో చెప్పాలి, ఆ లైను రాయడం మరిచాను. నెల కిందటైతే అక్కడే పలక మొద్దుగా పలికేది, నేను దిద్దుకునేదాన్ని. మీ కొత్తది నన్ను అడగలేదు. దగ్గర్లో దొరికిన ఇంకో నంబరును తెచ్చి అక్కడ అతికించి, తప్పు దిద్దానని తనలో తాను సంతోషపడింది. ఆ నంబరు అంతకుముందు పరీక్ష చేయించుకున్న మనిషిది. ప్రోగ్రాం ఆగకుండా నడిచింది. కంభం వైపు ఒకామెకు లేని జబ్బు ఉందని మెసేజ్ పోయింది. జబ్బున్న ఆమెకు పోనేలేదు. తెలుసుకుని ఆమెను పిలిపించేసరికి చాలా ఆలస్యమైందట, ఆమె దక్కలేదట. అంతకుమించి నాకు చెప్పలేదు. నేను అడగలేకపోయాను.

"నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసమ్మా, ఆసుపత్రివాళ్ళకు ఏమని చెప్పేది" అన్నారు ప్రభాకరరావు గారు. మొదటిసారి అమ్మా అన్నారు. ఆ మాటతోనే ఉద్యోగం పోయిందని అర్థమైంది.

భయపడనక్కర్లేదని రాసినప్పుడు, పలకలను తీసేస్తున్నారని మీకు తెలుసా, తెలియదా? దీనికి జవాబు కావాలి.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ బావ సామానంతా సర్దుకుని వచ్చేసినాడు హైమా. ఉలకడు, పలకడు. పట్టపగలు వాకిట్లో మిరపకాయల బస్తా తగిలి పడినాడు. ఏంది నాయనా అంటే సూసుకోలేదమ్మా అంటాడు" అని ఏడ్చింది. చూసుకోలేదనే మాట నేను వాడి వాడి అరగదీసిందే. దీనికీ జవాబు కావాలి.

హైమావతి


గిద్దలూరు,
జనవరి 2024

హైమా,

తెలుసు. దసరాకు ముందే తేల్చేశారు. పలకలు వాడేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నారు. తప్పు మనిషి దాకా రాకుండానే దిద్దేస్తే అంతకంటే త్వరగా, అంతకంటే సులువుగా ఇంకేముంటుందన్నారు. అడగకుండా దిద్దకూడదని నేను వాదించాను. చూపిస్తానని తెర దగ్గరికి పోయి, మౌసు బాణం ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడిపోయాను. అది వాళ్ళందరి కళ్ళెదుటే ఉంది. ఆ తర్వాత నా మాటకు విలువ లేకుండా పోయింది, కొన్నాళ్ళకు నేనూ లేకుండా పోయాను. ఎట్లాగైనా తిప్పగలనని, తిప్పాక నీకు రాద్దామని ఆగాను. నేను నోరు మూసుకున్నందుకు ఆమె ఎవరో పోయింది, నీ ఉద్యోగం పోయింది. ఇది ఏ మీట నొక్కినా దిద్దుబాటు కాదు.

నాది కూడా నీ జబ్బే. రెండేళ్ళ కిందట డాక్టరు చెప్పాడు. నువ్వు తిట్టిన ఆ చిన్న బల్బు తెర పక్కన పెట్టినప్పుడు నాకే సరిగా కనబడలేదు. కనబడలేదంటే నా కళ్ళ సంగతి బయటపడుతుందని బాగుందన్నాను. నిన్ను చేసుకోనన్నది పుట్టబోయే పిల్లలను తలుచుకుని. ఈ ముడి నాతో ఆగిపోవాలనుకున్నాను.

నాయనకు చెప్పలేదు. చూపు లేని పిల్లని వద్దన్నానని ఇంట్లో నన్ను తిట్టుకుంటున్నారు. ఆ తిట్లే నయం. నిజం చెబితే తాతల దగ్గరనుంచి అందరూ కలిసి మన కళ్ళు తీసినట్టవుతుంది, ఆయన తట్టుకోలేడు.

మనం చేసింది కంపెనీ దగ్గరే ఉండిపోయింది. నా దగ్గర మిగిలింది నీ పలకల చప్పుళ్ళు మాత్రమే. మధ్యాహ్నం వెలుతుర్లో పుస్తకం తెరిస్తే ఇంకా ఒక్క మాట కనబడుతోంది. అది ఎన్నాళ్ళుంటుందో నువ్వే చెప్పాలి, నిన్నే అడగాల్సి వస్తోంది.

ఉమ


మార్కాపురం,
ఫిబ్రవరి

బావా,

నిన్ను క్షమించానని రాయలేను. మెసేజ్ అందక పోయిన ఆమె ముఖం నాకు తెలియదు, అయినా రోజంతా ఆమే కళ్ళముందు ఉంటోంది. ఆ చావులో నీకు సగం, నాకు సగం.

నేను గల్లాపెట్టె పక్కన స్టూలు మీదనే కూర్చుంటున్నాను. నాలుక చప్పరించే చప్పుడు దూరంనుంచే పట్టేస్తున్నాను.

ఆ ఒక్క మాట ఎన్నాళ్ళుంటుందని అడిగావు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఉండదు. అంతకుముందు చెవి నేర్చుకోవాలి. నేను చూపును నమ్ముకుని చెవిని ఆలస్యం చేశాను, నువ్వు చేయకు. గిద్దలూరు బస్సులో పలకల కట్ట వేయించాను. మంచివీ పగిలినవీ కలిపేశాను, ఏ గుర్తూ పెట్టలేదు. ఎందుకమ్మా అని నాయన అడిగితే, బావ వ్యాపారం నేర్చుకుంటాడంట అని చెప్పాను. సంబరపడి తానే కట్ట కట్టాడు.

కళ్ళు మూసుకో. ఎడమచేత్తో అంచు పట్టుకో, గట్టిగా పట్టుకుంటే ఏదీ మోగదు. కణుపుతో కొట్టు. తేడా తెలిసేదాకా నాకు రాయకు.

హైమ


గిద్దలూరు,
మార్చి

హైమా,

తేడా తెలియలేదు. అయినా రాస్తున్నాను.

రోజూ అరుగు మీద కూర్చుని కొడుతున్నాను. కణుపు కాయ కాచింది. అన్నీ ఒక్కలాగే మోగుతున్నాయి. నీ చెవి నాకు రాదేమో.

నిన్న మధ్యాహ్నం నాయన కొట్టునుంచి భోజనానికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోని పలక తీసుకుని తానూ ఒకసారి కొట్టాడు. "ఇది పగిలింది గదరా, నీకు ఇనపడలేదా?" అన్నాడు. లేదు నాయనా అన్నాను. "పోనీ, ఈడ సూడు, ఎంత నెర్రె ఉందో" అని దాన్ని ఎండకు పెట్టి పట్టుకున్నాడు. నేను చూశాను. ఎక్కడ నాయనా అన్నాను. ఈడనే అన్నాడు. ఎక్కడ అని మళ్ళీ అడిగాను.

ఆయన పలకను ఒళ్ళో పెట్టుకుని, నా చేయి పట్టుకుని, చూపుడువేలిని తీసుకుపోయి ఆ నెర్రె మీద పెట్టాడు.

ఉమ